యెహోయాదా పోయిన తరువాత

సికింద్రాబాదు స్టేషన్లో దిగి ముషీరాబాదు మీదుగా ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వైపు వెళ్తుంటే మధ్యలో గోల్కొండ క్రాస్ రోడ్స్ వస్తుంది. హెబ్రోను అనే ప్రార్థనా మందిరం అక్కడే. 2000 సెప్టెంబరు 17, ఆదివారం ఉదయం, సహోదరుడు భక్త్ సింగ్ అక్కడే ప్రభువునందు నిద్రించారు. ఆయనకు 97 ఏళ్ళు. ఐదు రోజుల తరువాత, 22వ తేదీన, నారాయణగూడ సమాధుల తోటకు ఆయన్ను మోసుకెళ్ళినప్పుడు వెంట నడిచినవాళ్ళు రెండున్నర లక్షల మంది ఉంటారని కొందరి అంచనా. లెక్క ఎలా ఉన్నా, ఒక పదవి గానీ పార్టీ గానీ లేని మనిషి కోసం ఈ జంటనగరాల్లో అంత జనం వీధిలోకి రావడం చాలా అరుదు. ఏడ్చినవాళ్ళకంటే పాడినవాళ్ళే ఎక్కువ. సీయోను గీతాలు పుస్తకం చూడకుండా పాడగలిగిన జనం అది.

ఆ పాట విన్నవాళ్ళెవరూ ఆయన నిలబెట్టిన ఈ సంఘాలకు చీలికలు వస్తాయని ఊహించి ఉండరు. పెద్దాయన వెళ్ళిపోయారు, పని నిలిచి ఉంటుంది అనుకున్నారు. నేనిప్పుడు చెప్పబోయేది ఆ తరువాత జరిగిన సంగతి. చెప్పడానికి నోరు రావడం లేదు, కానీ చెప్పకుండా ఊరుకుంటే రేపటి పిల్లలకు మిగిలేది ఆయన ఫోటో ఒక్కటే.

ముందు ఆ మనిషి ఎవరో చెప్పాలి. భక్త్ సింగ్ తెలుగువాడు కాదు. 1903 జూన్ 6న పంజాబులో, ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న జోయియా అనే పల్లెలో, సిక్కు కుటుంబంలో పుట్టారు. చదువుకునే రోజుల్లో ఒకసారి చేతికొచ్చిన బైబిలు కాగితాలు చించేసి, అట్ట బాగుందని అట్ట మాత్రం ఉంచుకున్నానని తానే సాక్ష్యంలో చెప్పుకునేవారు. 1926లో ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండు వెళ్ళారు, అక్కడి నుంచి కెనడా. 1929 డిసెంబరులో విన్నిపెగ్ పట్టణంలో కొత్త నిబంధన చదువుతూ క్రీస్తును కనుగొన్నారు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం. మరుసటి ఏడు బొంబాయి రేవులో దిగేసరికి తల్లిదండ్రులు ఎదురొచ్చి, నీ విశ్వాసం నీలోనే దాచుకో, ఇంటి పరువు కాపాడు అని బతిమాలారు. దాచలేనన్నారాయన. వాళ్ళు ఆయన్ను అక్కడే వదిలి వెళ్ళిపోయారు. ఆ తరువాత ఆయనకు జీతమిచ్చిన మిషను లేదు. కరాచీ వీధుల్లో, పారిశుద్ధ్య పనివాళ్ళ గుడిసెల మధ్య మొదలైన సువార్త 1937లో మార్టిన్‌పూర్ ఉజ్జీవంతో పంజాబంతా పాకింది. 1938లో మద్రాసు వచ్చారు. 1941లో పల్లావరం కొండ మీద కొద్దిమంది తోటివారితో రాత్రంతా ప్రార్థించి దిగి వచ్చాక, ఏ మిషనుకూ చెందని సంఘం మద్రాసులో మొదలైంది. దానికి యెహోవా షమ్మా అని పేరు. తరువాత హైదరాబాదులో హెబ్రోను. 1950ల నుంచి ఆయన బతుకూ చావూ ఈ ఊరితోనే ముడిపడ్డాయి.

హెబ్రోను కూటాలు చూడనివాళ్ళకు ఆ వాతావరణం చెప్పడం కష్టం. లేవీయకాండంలో ఇశ్రాయేలీయులు పండుగలకు కూడివచ్చినట్టు, ఏడాదికొకసారి విశ్వాసులందరూ ఒకచోట చేరి రోజుల తరబడి ఉండాలని ఆయన పట్టు. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి, మద్రాసు వైపు నుంచి, ఉత్తరాది నుంచి రైళ్ళు విశ్వాసులను సికింద్రాబాదులో దింపేవి. చంకలో బైబిలు, భుజాన పరుపుచుట్ట, చంటిపిల్లలు. పందిళ్ళ కింద నేల మీదే పడక, నేల మీదే కూర్చోవడం. చెప్పులు బయటే. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. పెద్ద ఉద్యోగి పక్కన పాలేరు, బ్రాహ్మణ ఇంట పుట్టి వచ్చినాయన పక్కన మాదిగ ఇంట పుట్టినాయన, ఒకే పంక్తిలో కూర్చుని ప్రేమ విందు తినేవారు. భోజనానికి టిక్కెట్టు లేదు, ప్రవేశానికి రుసుము లేదు. మాకింత కావాలని వేదిక మీద నుంచి ఎవరూ అడిగేవారు కాదు. అక్కడ సేవ చేసే దైవసేవకులకు నెల జీతం లేదు. అవసరం దేవునికే చెప్పుకోవాలి, మనుషులకు చెప్పకూడదు. వినడానికి పిచ్చిగా ఉంటుంది. కానీ దశాబ్దాల పాటు ఆ పొయ్యిలు ఆరలేదు.

సాయంత్రాలు సువార్త ఊరేగింపు. వాక్యాలు రాసిన పలకలు పట్టుకుని, పాడుకుంటూ, తెల్లబట్టల వరుసలు వీధి వెంట సాగేవి. ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే పక్కన ఒకరు నిలబడి తెలుగులో చెప్పేవారు. పరాయి భాష మాట్లాడే పంజాబీ ఒకాయన తెలుగువాళ్ళకు ఇంటి పెద్ద అయ్యాడు. కాంగ్రెసు నాయకుడి పేరు తెలియని పల్లెటూరి ముసలమ్మలకు భక్త్ సింగ్ పేరు తెలుసు.

ఆయన నేర్పినదాని సారం ఇదీ అని ఒక్క మాటలో చెప్పమంటే నేను చెప్పేది: దేవుడు నీతోనే మాట్లాడతాడు. బిషప్పుతోనో పాస్టరుతోనో అని కాదు, నీతో. నాలుగు గంటలకు లే, మోకాళ్ళ మీద బైబిలు తెరువు, చదివింది మళ్ళీ చదువు, ఆయన చిత్తం తెలిసేదాకా కదలకు. పెళ్ళి సంబంధమైనా, ఉద్యోగం బదిలీ అయినా, ఇంటి స్థలమైనా ఇదే పద్ధతి. సలహాకు వచ్చినవాళ్ళను ప్రభువు చిత్తం కనుక్కున్నావా అని అడగడం ఆయన అలవాటు. ఆదివారం ఆరాధనలో కూడా మైకు ఒక్కరి సొత్తు కాదు. చదువురాని అమ్మ కూడా లేచి స్తుతి చెల్లించవచ్చు, ఆ స్తుతికి సంఘమంతా ఆమేన్ అనాలి. ప్రతి ఊరి సంఘం తన ఊళ్ళో తాను నిలబడాలి, తన పెద్దలు తనకుండాలి, అందరికీ శిరస్సు క్రీస్తే. ఇది ఆయన బోధ.

కానీ జరిగింది పూర్తిగా అలా లేదు. వందల సంఘాలు ఏ చిన్న చిక్కు వచ్చినా హెబ్రోను వైపే చూసేవి. పెద్దల్ని నిలబెట్టడం, సేవకుల్ని పంపడం, తగువు తీర్చడం, అన్నీ ఆయన మాట మీద జరిగేవి. తప్పు ఆయనది అనలేను. అంత ప్రార్థించే మనిషి ఒకడు ఊళ్ళో ఉంటే మిగిలినవాళ్ళకు ప్రార్థించే పని తగ్గినట్టు అనిపిస్తుంది. అక్కడ మొదలైంది ఈ విషాదం, ఎవరికీ కనపడకుండా.

చివరి పదేళ్ళు పార్కిన్సన్స్ జబ్బు ఆయన్ను మెల్లమెల్లగా కట్టేసింది. గంటలకొద్దీ నిలబడి వాక్యం చెప్పిన మనిషి మంచానికి అంటుకున్నాడు. చేతులు స్వాధీనంలో లేవు. తరువాత మాట కూడా పోయింది. సలహా కోసం వచ్చినవాళ్ళు ఆ మంచం పక్కన మోకరించి, లేచి, మౌనంగా వెళ్ళిపోయేవారు. ఆ కాలం దేవుడు ఈ సంఘాలకిచ్చిన గడువని నా నమ్మకం. గొంతు ఒకటి ఆగిపోతోంది, మీ చెవులు మీరు తెరుచుకోండి అని చెప్పిన గడువు. కొందరు తెరుచుకున్నారు.

హెబ్రోను పందిళ్ళలో పెరిగినవాళ్ళకు యోవాషు రాజు కథ కొత్త కాదు. దినవృత్తాంతముల రెండవ గ్రంథంలో ఉంది. అయినా దాన్ని మళ్ళీ చెప్పుకోవాలి, ఎందుకంటే మా కథకు అంత దగ్గరి కథ నాకు మరొకటి కనపడలేదు.

అతల్యా అనే రాణి యూదా రాజవంశాన్ని తుడిచిపెట్టాలని పసిపిల్లల్ని చంపిస్తోంది. యాజకుడైన యెహోయాదా భార్య యెహోషబతు, తన సోదరుడి కొడుకు యోవాషును దాదితో సహా దొంగతనంగా తెచ్చి దాచింది. ఆరేళ్ళు ఆ బిడ్డ దేవుని మందిరంలో దాక్కుని పెరిగాడు. ఏడో ఏట యెహోయాదా శతాధిపతుల్నీ లేవీయుల్నీ కూడగట్టి, పిల్లవాడి తల మీద కిరీటం పెట్టి, చేతికి ధర్మశాస్త్రమిచ్చి రాజును చేశాడు. అతల్యా కథ ముగిసింది. ఆ తరువాత ఏళ్ళ తరబడి ముసలి యాజకుడు చెప్పడం, కుర్ర రాజు వినడం. పెళ్ళి కూడా ఆ యాజకుడే చేశాడు. గోడలు పాడైన మందిరాన్ని బాగుచేయించాలని రాజుకు పట్టుదల పుట్టింది. లేవీయులు ఆలస్యం చేస్తుంటే యెహోయాదానే పిలిచి ఎందుకిలా అని నిలదీశాడు. మూతకు కన్నం పెట్టిన పెట్టె ఒకటి గుమ్మం దగ్గర పెట్టించాడు. జనం సంతోషంగా కానుకలు వేశారు, పెట్టె నిండింది, మందిరం నిలిచింది.

ఇక్కడ నేను ఎప్పుడూ ఆగిపోతాను. కట్టడం విషయంలో యోవాషు తన గురువు కంటే ఆత్రపడ్డాడు. బయటినుంచి చూసినవాడెవడైనా ఆ రాజును భక్తుడనే అంటాడు. కానీ లేఖనం చాలా జాగ్రత్తగా ఒక హద్దు గీసింది: యెహోయాదా బతికినన్నాళ్ళూ. దహనబలులు సాగింది యెహోయాదా బతికినన్నాళ్ళూ. రాజు సరిగా నడిచింది యెహోయాదా బతికినన్నాళ్ళూ.

యెహోయాదా 130 ఏళ్ళు బతికి పోయాడు. యాజకుడే అయినా, ఇశ్రాయేలుకు మేలు చేశాడని దావీదు పట్టణంలో రాజుల మధ్య పాతిపెట్టారు. ఆ తరువాత యూదా అధిపతులు వచ్చి రాజుకు నమస్కరించారు. వాళ్ళేం చెప్పారో గ్రంథం రాయలేదు. రాజు విన్నాడని మాత్రం రాసింది. ఏళ్ళకేళ్ళు ఒక మనిషి మాట విని బతికినవాడికి వినడమే అలవాటు, ఎవరి మాట అన్నది తేల్చుకోవడం అలవాటు కాలేదు. మందిరం వదిలేశారు, దేవతా స్తంభాలు లేచాయి. ప్రవక్తలొచ్చి చెబితే చెవిన పెట్టలేదు. చివరికి యెహోయాదా కొడుకు జెకర్యా మీదికి దేవుని ఆత్మ రాగా అతడు ఎత్తైన చోట నిలబడి, మీరు దేవుణ్ణి విడిచారు, ఆయన మిమ్మల్ని విడిచాడు అన్నాడు. రాజు ఆజ్ఞ మీద అతణ్ణి రాళ్ళతో కొట్టి చంపారు. ఎక్కడ? మందిరం ఆవరణలో. ఏ మందిరంలో ఆరేళ్ళు దాచి తన ప్రాణం కాపాడారో, ఏ మందిరాన్ని తానే బాగుచేయించాడో, అక్కడ. తనకు కిరీటం పెట్టిన చేతుల్లో పెరిగిన బిడ్డను.

ఏడాది తిరిగేసరికి సిరియా దండు వచ్చింది. చిన్న దండే, అయినా యూదా పెద్ద సైన్యం నిలవలేదు. గాయాలతో పడివున్న యోవాషును సొంత సేవకులే పడక మీద చంపారు. దావీదు పట్టణంలోనే పాతిపెట్టారు కానీ రాజుల సమాధుల్లో చోటివ్వలేదు. యాజకుడు రాజుల మధ్య నిద్రిస్తున్నాడు, రాజు బయట.

మా సంగతికి వస్తాను. సహోదరుడి తరువాత సంఘాలు ఒక్క తాటి మీద నిలవలేదు. పెద్దల మధ్య భేదాలు వచ్చాయి. ఒక్క బల్ల దగ్గర రొట్టె విరిచినవాళ్ళు రెండు వర్గాలయ్యారు. ఏ సొసైటీ చేతిలో ఏది ఉండాలి, ఆస్తులు ఎవరి పేరున, కూటాలు ఎవరు నడపాలి అన్న తగవులు కోర్టు మెట్లెక్కాయి. ఒక వర్గం కూటాలకు వెళ్ళినవాడు రెండో వర్గం వాళ్ళింట్లో పెళ్ళికి వెళ్ళాలంటే ఆలోచించుకునే రోజులు వచ్చాయి. ఎవరిది తప్పు అన్నది ఇక్కడ తేల్చను. రెండు వైపులా కన్నీటితో ప్రార్థించేవాళ్ళున్నారు, రెండు వైపులా నాకు అన్నలున్నారు, అక్కలున్నారు. కానీ అవసరాన్ని మనిషికి చెప్పుకోకూడదని నేర్పిన ఒకాయన పేరు మీద, న్యాయం చేయమని మనుషుల్ని అడుగుతున్నాం. ఇంతకంటే పెద్ద పతనం నాకు తెలియదు.

విచిత్రం ఏమిటంటే రెండు వర్గాల వాళ్ళూ ఆయనలాగే ఉంటారు. అవే తెల్లబట్టలు, అవే సీయోను గీతాలు, అదే నేల మీద కూర్చోవడం, ప్రార్థనలో అదే గొంతు. ఆయన పద్ధతులు ఒక్కటీ పోలేదు. తెల్లారుజామున మోకాళ్ళ మీద ఒక్కడే కూర్చుని, నేను అనుకున్నదానికి వ్యతిరేకంగా దేవుడు చెబితే అదే చేస్తాను అనే ఆ ఒక్కటి ఏమైందని అడగాలి. ఆయన గొంతు అనుకరించడం తేలిక. ఆయనలా గంటలకొద్దీ మౌనంగా వినడం నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళు మేము పెట్టలేదు.

నాయకుడు పోయినా పని ఆగక్కర్లేదని చెప్పే కథ ఒకటి దగ్గర్లోనే ఉంది. సికింద్రాబాదు నుంచి కాజీపేట మీదుగా బెజవాడ వెళ్ళే రైలు దోర్నకల్లులో ఆగుతుంది. అక్కడ బిషప్ అజరయ్య గారి గుడి ఉంది. 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయిన ఆయన, 1919లో తరంగంబాడిలో మొదలుపెట్టిన సంఘ ఐక్యత మాటల కోసం చివరిదాకా పాటుపడి, 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆ ఐక్యత 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా నిజమైంది. ఆయన లేరు, పని పూర్తయింది. ఆ సంఘంలోనూ తగవులున్నాయి, కోర్టులున్నాయి, అది వేరే దుఃఖం. కానీ నాయకుడి చావుతో ఆగిపోకుండా ఆంగ్లికన్లూ మెథడిస్టులూ కాంగ్రిగేషనల్ వాళ్ళూ ప్రెస్బిటేరియన్లూ కలిసి ఒక బల్ల దగ్గరికి రాగలిగారు. ఒకే బల్ల దగ్గర ఉన్న మేము రెండు బల్లలు వేసుకున్నాం.

ఈ కథలో వెలుగు లేదనుకోవద్దు. సికింద్రాబాదు రైల్వే క్వార్టర్లలో గృహ కూటాలతో పెరిగిన ఒక పెద్దాయన నాకు తెలుసు. రిటైరై చాలా కాలమైంది. సహోదరుడు పోయాక తాను రెండేళ్ళు ఎండిపోయానని చెబుతాడు. బైబిలు తెరిస్తే ప్రతి వచనం పక్కనా ఆయన చెప్పిన అర్థమే వినిపించేదట, తనదంటూ ఒక్క మాట కూడా లేదట. అప్పుడు అండర్‌లైన్లూ నోట్సూ నిండిన ఆ పాత బైబిలు పక్కన పెట్టి, గీతల్లేని కొత్తది కొని, ఆదికాండం మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టాడు. కొన్నిచోట్ల సహోదరుడు చెప్పినదే కనపడింది, కొన్నిచోట్ల ఆయన చెప్పనిది కనపడింది. ఒకటి రెండు చోట్ల ఆయన చెప్పినదానితో తాను ఏకీభవించలేనని కూడా తెలిసింది. ఆ రోజు భయమేసి ఏడ్చానని చెప్పాడు. తరువాత, ఆ ఏడుపులోనే, సహోదరుడు ఇన్నాళ్ళూ నాకు చెప్పింది ఇదే కదా అని తట్టిందట. ఆ పెద్దాయన ఇప్పుడు రెండు వర్గాల ఇళ్ళకూ వెళ్తాడు. రెండు చోట్లా మోకరిస్తాడు. పెద్దగా మాట్లాడడు.

గురువు పోయాక విశ్వాసంలో ఎదగడమంటే ఏమిటో నాకు ఆయన్ను చూశాక తెలిసింది. ఎలీషాకు ఏలీయా దుప్పటి దొరికింది. కానీ యొర్దాను ఒడ్డున దాన్ని నీళ్ళ మీద కొడుతూ అతడు అడిగింది ఏలీయా ఎక్కడ అని కాదు, ఏలీయా దేవుడు ఎక్కడ అని. ఆ ప్రశ్న అడిగాకే నీళ్ళు విడిపోయాయి. దుప్పటిని మడిచి పెట్టెలో దాచుకుని, అది ఎవరి పెట్టెలో ఉండాలని పోట్లాడుకుంటే యొర్దాను అలాగే పారుతూ ఉండేది. నిన్న మొన్న విశ్వాసంలోకి వచ్చిన కుర్రవాళ్ళు భక్త్ సింగ్‌ను చూడలేదు, ఆయన గొంతు వినలేదు. రికార్డు చేసిన ప్రసంగాలు వింటున్నారు, మంచిదే. కానీ వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ అధ్యాయం నువ్వు చదువు, నీకేం కనపడిందో చెప్పు, నేను చెప్పను అని ఓపిక పట్టే పెద్దలు ఎంతమంది? ఆ పని చేసేవాళ్ళున్న చిన్న సంఘాలు, ఊరి చివర రేకుల షెడ్లలో, ఏ వర్గం జాబితాలోనూ లేకుండా, ఎదుగుతూనే ఉన్నాయి.

పౌలు ఎఫెసు పెద్దల్ని మిలేతుకు పిలిపించి, నేను వెళ్ళిపోయాక మీలోనుంచే కొందరు లేచి శిష్యుల్ని తమ వెంట లాక్కుపోతారని ముందే చెప్పాడు. చెప్పినా ఆగలేదు. ప్రకటన గ్రంథంలో ఆ ఎఫెసుకే మళ్ళీ ఉత్తరం వెళ్ళింది: కష్టపడుతున్నావు, ఓర్చుకుంటున్నావు, కానీ మొదటి ప్రేమ వదిలేశావు. అయినా ఆ ఉత్తరంలో ప్రభువు దీపస్తంభాన్ని వెంటనే తీసేయలేదు. మారుమనస్సుకు చోటు ఉంచాడు.

అందుకే రెండు వైపులా ఉన్న మా పెద్దలకు ఒకే మనవి. కోర్టుల్లో ఏ తీర్పు వచ్చినా ఒక వర్గం గెలుస్తుంది, సంఘం ఓడిపోతుంది. కేసులు పక్కన పెట్టి, లాయర్లు లేకుండా, రెండు వైపుల పెద్దలూ ఒక గదిలో, సహోదరుడు పల్లావరం కొండ మీద చేసినట్టు, ఒక్క రాత్రి మోకాళ్ళ మీద ఉండండి. తెల్లారేదాకా ఎవరూ మాట్లాడవద్దు. మీలో చాలామంది వయసు ఎనభై దాటుతోంది. మీరుండగానే ఆ పని చేయండి.